అండమాన్‌లో పగడపు దిబ్బల సర్వేకు వలంటీరుగా వెళ్లడం ఎలా? ఈత దగ్గర నుంచి చెబుతాను

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ జెట్టీ దాటి రోడ్డెక్కగానే స్కూబా బోర్డులు వరసగా కనిపిస్తాయి. హేవ్‌లాక్ అని మనం విన్న దీవి ఇదే. 2018 డిసెంబరులో పేరు మారింది. ఆ బోర్డుల వెనక రెండు వేర్వేరు సరుకులు ఉంటాయి. ఒకదానికి ఈత రానక్కర్లేదు. శిక్షకుడు వెనక నుంచి సిలిండర్ పట్టుకొని అరగంట నీళ్ల కింద తిప్పి, ఫొటోలు తీసి పంపిస్తాడు. సరదాగా ఉంటుంది, తప్పేమీ లేదు, కానీ దానితో డైవింగ్ రాదు. రెండోది నాలుగు రోజుల కోర్సు. అక్కడ మొదలుపెట్టి, పగడపు దిబ్బల మీద చేపలను లెక్కపెట్టే పనిలో చేరేదాకా వెళ్లాలనుకునేవారికే ఇది రాస్తున్నాను. నేను ఆ దారిలో వెళ్లాను. రెండు తప్పులు చేశాను. వాటి దగ్గరికి వస్తాను.

ముందు సెలవు లెక్క

చేతిలో ఎన్ని రోజులున్నాయో చూసుకోండి. కోర్సుకు నాలుగు రోజులు. నేర్చుకున్నది ఒంటబట్టడానికి పది, పన్నెండు డైవ్‌లు, అంటే ఇంకో వారం. చేపలను, పగడాలను గుర్తుపట్టడం నేర్చుకోవడానికి మరో వారం. సర్వే పని ఆ తర్వాతే. మొత్తం నెల రోజులు. పది రోజుల సెలవే దొరికితే ఈసారికి కోర్సు చేసి తిరిగి రండి, వలంటీరు పని వచ్చే ఏడాదికి పెట్టుకోండి. పది రోజుల్లో అన్నీ చేయిస్తామని ఎవరైనా అంటే వాళ్లకు మీ డబ్బు మీద ఉన్న శ్రద్ధ పగడాల మీద లేదని అర్థం.

ఈత ఇంటి దగ్గరే నేర్చుకోండి

కోర్సులో భాగంగా 200 మీటర్లు ఆగకుండా ఈదమంటారు. వేగం చూడరు, ఏ పద్ధతిలో ఈదినా ఒప్పుకుంటారు. తర్వాత పది నిమిషాలు దేనినీ పట్టుకోకుండా తేలాలి. చిన్నప్పుడు సొరకాయ బుర్రలు కట్టుకొని ఊరి బావిలో నేర్చుకున్నవాళ్లకు దమ్ముంటుంది, భయం ఉండదు. కానీ వాళ్లలో చాలామందికి తల పైకెత్తి ఈదే అలవాటు ఉంటుంది. ముఖం నీళ్లలో పెట్టడం ఇష్టపడరు. డైవింగ్‌లో చిక్కంతా అక్కడే వస్తుంది.

ఈత అసలే రానివాళ్లు మూడు నెలల ముందు మీ ఊరి కొలనులో చేరండి. 25 మీటర్ల కొలనులో ఎనిమిది సార్లు ఆ చివర నుంచి ఈ చివరకు ఈదగలిగితే చాలు.

దానితోపాటు ఇంట్లో బకెట్‌తో చేసే సాధన ఒకటుంది. రెండు మూడు వందలకు దొరికే స్నార్కెల్ కొనండి. బకెట్ నిండా నీళ్లు పోసి, కళ్లనూ ముక్కునూ కప్పే డైవింగ్ మాస్కు లేకుండా ముఖం ముంచి, స్నార్కెల్ గొట్టంలోంచి నోటితో గాలి పీల్చండి. ముక్కు నీళ్లలోనే ఉంటుంది. మొదటిరోజు రెండు ఊపిరులకే ముక్కులోకి నీరెక్కి, ఉక్కిరిబిక్కిరై తల పైకి లాగేస్తారు. వారం రోజుల్లో ముక్కును మరిచిపోయి నోటితో తీరిగ్గా రెండు నిమిషాలు పీల్చగలుగుతారు. మా ఇంట్లోవాళ్లు నన్ను వింతగా చూశారు. కానీ కోర్సులో ఇద్దరు ముగ్గురు ఏడుపు ముఖంతో పైకి వచ్చిన పరీక్షలో నేను నిశ్చింతగా ఉన్నానంటే ఆ బకెట్ పుణ్యమే.

డాక్టరు కాగితం

కోర్సులో చేరేటప్పుడు ఆరోగ్యం మీద ఒక ప్రశ్నావళి ఇస్తారు. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి లేదా సైనస్ ఆపరేషన్, గర్భం వంటివి అడుగుతారు. డాక్టరు దాకా వెళ్లాల్సిన ప్రశ్నలో ‘అవును’ అని రాస్తే, డాక్టరు సంతకం తెచ్చేదాకా నీళ్లలోకి దింపరు. దీవికి వెళ్లాక ఆ సంతకం కోసం తిరగడం కష్టం. ఆ కాగితాన్ని ముందే ఇంటర్నెట్ నుంచి దించుకొని మీ ఊళ్లోనే డాక్టరుకు చూపించండి. అబద్ధం మాత్రం రాయకండి. పది మీటర్ల లోతున ఒత్తిడి నీటి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ ఊపిరితిత్తుల్లో నింపుకున్న గాలి పైకి వచ్చేసరికి రెండింతలు కావాలని చూస్తుంది. ఉబ్బసంతో సన్నని గాలిగొట్టాలు మూసుకుపోయి ఉంటే ఆ గాలికి బయటికి దారి ఉండదు. కోర్సు మొదటి రోజు చెప్పే మొదటి సూత్రం కూడా ఇందుకే: నీళ్ల కింద ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు.

కళ్లజోడు ఉన్నవాళ్లు బెంగపడనక్కర్లేదు. పవరు అద్దాలున్న మాస్కులు దొరుకుతాయి, మెత్తని కాంటాక్టు లెన్సులతోనూ దిగవచ్చు. మీసం ఉన్నవాళ్లకే అసలు బెంగ. ముక్కు కింద మాస్కు అంచు చర్మానికి అతుక్కోవాల్సిన చోట వెంట్రుకలు అడ్డొస్తే నీరు కారుతూనే ఉంటుంది. మీసం తీసేయమని చెప్పే ధైర్యం నాకు లేదు. ముక్కును ఆనుకొని ఉన్న పై అంచును సన్నగా కత్తిరించుకుంటే సరిపోతుంది.

ఎప్పుడు, ఎలా వెళ్లాలి

జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నిలకడగా ఉంటుంది, నీళ్లలో దూరం దాకా కనిపిస్తుంది. మే చివరికి నైరుతి రుతుపవనాలు వచ్చి పడవలు తరచూ ఆగిపోతాయి. విమానంలో హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో శ్రీ విజయపురం చేరవచ్చు. 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అన్నది దీన్నే. విశాఖపట్నం నుంచి ఓడ కూడా ఉంది. రెండున్నర రోజుల ప్రయాణం, తరచుగా ఉండదు, తేదీలు మీకు కుదిరితే అదృష్టమే. అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్‌కు ప్రైవేటు పడవలో గంటన్నర, ప్రభుత్వ పడవలో రెండున్నర గంటలు. పడవ ఆగిపోతే ఇబ్బంది లేకుండా ప్రయాణానికి అటూ ఇటూ ఒక్కో రోజు ఖాళీ ఉంచుకోండి.

భాష గురించి ఒక మాట. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. శ్రీ విజయపురం చేపల బజారులో నోరు తెరిచి తెలుగులో ధర అడిగి చూడండి. స్వరాజ్ ద్వీప్‌లో మాత్రం తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలే ఎక్కువ. అక్కడ హిందీ, బెంగాలీ నడుస్తాయి.

కోర్సు

డైవింగ్ కోర్సులకు సర్టిఫికెట్లిచ్చే సంస్థల్లో పాడీ, ఎస్‌ఎస్‌ఐ అని రెండు పేర్లు వింటారు. ఏది చేసినా ఫర్వాలేదు, రెండు సర్టిఫికెట్లూ ప్రపంచమంతటా చెల్లుతాయి. మొదటి మెట్టు పేరు ఓపెన్ వాటర్. అది పూర్తయితే తోడు మనిషితో కలిసి 18 మీటర్ల లోతు దాకా దిగవచ్చు. సంస్థ కన్నా శిక్షకుడిని చూసి ఎంచుకోండి. ఒక శిక్షకుడికి ఎంతమంది అని అడగండి. నిబంధన ప్రకారం ఎనిమిది మంది దాకా ఉండవచ్చు, కానీ నలుగురు దాటితే నేనైతే వేరేచోట చూసుకుంటాను. ఫీజులో సర్టిఫికెట్టు, పుస్తకం, పరికరాల అద్దె కలిసి ఉన్నాయా అనీ అడగండి.

తరగతి పాఠాలు, ఒడ్డు దగ్గర లోతులేని నీళ్లలో సాధన, చివరికి సముద్రంలో నాలుగు డైవ్‌లు. సాధనలో అందరూ భయపడేది మాస్కు పరీక్ష. మోకాళ్ల మీద ఇసుకలో కూర్చుంటారు. పై అంచును వేలితో కాస్త ఎత్తగానే చల్లటి ఉప్పునీరు కళ్ల మీదికి, ముక్కులోకి వస్తుంది. అంతా మసకబారుతుంది. పైకి లేచిపోవాలనిపిస్తుంది. లేవకండి. నోటితో ఒక నిండు ఊపిరి తీసుకొని, పై అంచును నుదుటికి నొక్కి పట్టి, తల కొద్దిగా ఎత్తి, ముక్కుతో నెమ్మదిగా, పొడవుగా వదలండి. నీరు కింది అంచు నుంచి జారిపోతుంది. ఎదురుగా శిక్షకుడి ముఖం మళ్లీ స్పష్టంగా కనిపిస్తుంది. మిగిలిపోతే ఇంకోసారి. తొందరపడి చీదినట్టు వదిలితే ఏమీ పోదు.

చెవుల సంగతి కూడా ఇలాంటిదే. మీటరు, రెండు మీటర్లు దిగేసరికే చెవుల మీద ఒత్తిడి తెలుస్తుంది. ముక్కు మూసుకొని మెల్లగా ఊదితే ‘టక్’మని సర్దుకుంటుంది. నొప్పి పుట్టాక కాదు, పుట్టకముందే, మీటరుకోసారి చేస్తూ దిగండి. సర్దుకోకపోతే కాస్త పైకి లేచి మళ్లీ ప్రయత్నించండి. జలుబు ఉంటే ఆ రోజు మానేయండి.

ఇక నా మొదటి తప్పు. మొదటి సముద్రపు డైవ్‌లో, ఏడు మీటర్ల దగ్గర, అంతా బాగానే ఉందా అని శిక్షకుడు సైగ చేశాడు. బ్రహ్మాండంగా ఉందన్న ఆనందంలో బొటనవేలు ఎత్తి చూపించాను. ఆయన వెంటనే నా చేయి పట్టుకొని పైకి తీసుకెళ్లాడు. నీళ్ల కింద బొటనవేలు పైకెత్తితే ‘పైకి వెళ్దాం’ అని అర్థం. బాగుంది అని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. తల ఊపడం అసలే పనికిరాదు. మనం ఊపే తీరు ఒడ్డు మీదే చాలామందికి అర్థం కాదు.

కదలకుండా ఉండడం

కోర్సు అయిపోగానే సర్వేకు పరిగెత్తకండి. ఈ మెట్టు దాటవేసి నేను రెండో తప్పు చేశాను.

సర్టిఫికెట్టు చేతికొచ్చిన మూడో రోజునే, బతిమాలి మరీ, ఒక బృందంతో దిగాను. పలక మీద ఏదో రాసుకుంటూ ఊపిరి వదిలాను. ఊపిరి వదిలితే మనిషి మునుగుతాడు. కాళ్లు కిందికి జారాయి. కాలికి తొడుక్కున్న ఫిన్, అంటే ఈతరెక్క, దేనికో తగిలింది. చప్పుడు కూడా వినిపించలేదు. వెనక్కి చూస్తే జింక కొమ్ముల్లాంటి పగడపు కొమ్మ ఒకటి విరిగి ఇసుకలో పడి ఉంది, విరిగినచోట తెల్లగా. కాపాడదామని వెళ్లిన చోట నేను చేసిన మొదటి పని అది. కొమ్మల పగడం కాబట్టి కాస్త త్వరగా కోలుకుంటుంది. అదే గుండ్రాయిలా పెరిగే పోరైటీస్ రకమైతే ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూ పెరుగుతుంది. మోకాలెత్తు దిబ్బకు మీ నాన్నగారి వయసు ఉండవచ్చు.

తేలకుండా, మునగకుండా ఉన్నచోటే నిలవడాన్ని డైవర్లు బయన్సీ అంటారు. కోర్సులో పరిచయం చేస్తారు, పట్టు మాత్రం డైవ్‌ల లెక్కన వస్తుంది. ముందు నడుముకు కట్టే సీసపు బరువులు తగ్గించుకోండి. కొత్తవాళ్లకు తేలిగ్గా మునగాలని ఎక్కువ కడతారు. ఆ బరువును మోయడానికి, తేలడం కోసం ఒంటికి తొడుక్కునే గాలి జాకెట్‌లో ఎక్కువ గాలి నింపాలి. అప్పుడు కొద్దిగా లోతు మారినా పైకీ కిందికీ ఊగిసలాడతారు. డైవ్‌కోసారి ఒక కిలో తీసి చూడండి. తర్వాత ఖాళీ ఇసుక మీద, పగడాలకు దూరంగా, నేలకు మూర ఎత్తున బోర్లా పడుకున్నట్టు నిలిచి, చేతులు కట్టుకొని, ఊపిరితో మాత్రమే ఎత్తు సరిచేసుకోండి. పీలిస్తే లేస్తారు, వదిలితే దిగుతారు, రెండింటికీ మధ్య ఒకటి రెండు సెకన్ల ఆలస్యం ఉంటుంది. ఆ ఆలస్యం ఒంటికి అలవాటు కావాలి. పలక మీద నాలుగు వాక్యాలు రాస్తూ కూడా ఎత్తు మారకుండా ఉండగలిగిన రోజు ప్రాజెక్టులో చేరండి.

ప్రాజెక్టును ఎంచుకోవడం

అండమాన్‌లో నమ్మకంగా చెప్పగలిగిన పేర్లు కొన్ని ఉన్నాయి. దక్షిణ అండమాన్‌లో వండూర్ దగ్గర ఆనెట్ పరిశోధన కేంద్రం మూడు దశాబ్దాలకు పైగా ఉంది. మద్రాసు మొసళ్ల బ్యాంకు ట్రస్టు మొదలుపెట్టినది. చిడియాటాపు వైపు రీఫ్ వాచ్ సంస్థ పగడాల పునరుద్ధరణ మీద పనిచేస్తోంది. ఎవరు ఎప్పుడు ఎలాంటివారిని తీసుకుంటారన్నది ఏటా మారుతుంది, నేరుగా రాసి అడగండి.

వేరే ఎవరి దగ్గరికి వెళ్లినా ఈ ప్రశ్నలు వేయండి. అటవీ శాఖ అనుమతి ఉందా? మన దేశంలో గట్టి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి, అనుమతి లేకుండా విరిగిన ముక్కను అటునుంచి ఇటు పెట్టడానికీ వీల్లేదు. సేకరించిన లెక్కలు ఎవరికి వెళ్తాయి, పోయిన ఏడాదివి చూపించగలరా? డైవ్ లేని రోజుల్లో వలంటీరు ఏం చేస్తాడు? స్థానికులు జీతం మీద ఎంతమంది ఉన్నారు? అన్నిటికన్నా ముఖ్యం, వాళ్లు మిమ్మల్ని ఏం అడుగుతున్నారు? మీరు చేసిన డైవ్‌లు రాసుకున్న లాగ్‌బుక్ చూపించమనాలి, మీతో ఒక పరీక్ష డైవ్ చేయాలి. కార్డు నంబరు మాత్రమే అడిగి, రెండో రోజే మీ చేత పగడాలు ‘నాటించి’ ఫొటో తీయిస్తామంటే ఆ ఫొటో కోసమే అదంతా.

పలక, టేపు, పెన్సిలు

దిబ్బల సర్వేకు ఎక్కువచోట్ల రీఫ్ చెక్ పద్ధతినో దానికి దగ్గరి పద్ధతినో వాడతారు. 1996లో మొదలై ప్రపంచమంతటా పాకింది, మామూలు డైవర్లు నేర్చుకోగలిగేలా తయారైంది. ఒకే లోతులో 100 మీటర్ల టేపు పరుస్తారు. దాని మీద 20 మీటర్ల ముక్కలు నాలుగు, మధ్యలో ఐదేసి మీటర్ల ఖాళీ. టేపు పరిచాక పావుగంట పక్కకు వెళ్లిపోవాలి, బెదిరిన చేపలు మళ్లీ రావాలి కదా. తర్వాత చేపల లెక్కవాళ్లు టేపు మీదుగా కదులుతూ, ప్రతి ఐదు మీటర్లకూ ఒక నిమిషం ఆగి, ఐదు మీటర్ల వెడల్పులో కనిపించినవి రాస్తారు. అన్ని చేపలూ కాదు. సీతాకోకచిలుకల్లా రంగులున్న బటర్‌ఫ్లై చేపలు, గ్రూపర్లు, స్నాపర్లు, ప్యారట్ చేపలు, ఇలా కొన్ని కుటుంబాలే. వాటిలో కొన్ని తగ్గితే వేట ఎక్కువైందని, కొన్ని తగ్గితే పగడం చచ్చిపోతోందని తెలుస్తుంది. ప్యారట్ చేప దగ్గరలో ఉంటే కనిపించకముందే వినిపిస్తుంది, అప్పడం కొరికినట్టు. పగడపు రాయిని ముక్కుతో గీకి, నాచు తిని, మిగిలినదాన్ని ఇసుకగా వదులుతుంది.

కొత్తవాళ్లకు మొదట నేల లెక్క ఇస్తారు. తాపీ మేస్త్రీ గోడకు వేలాడదీసే గుండులాంటిది ఒకటి దారానికి కట్టి ఉంటుంది. ప్రతి అర మీటరుకూ టేపు మీద నుంచి దాన్ని వదలాలి. ఎక్కడ ఆగితే అక్కడ ఏముందో రాయాలి: గట్టి పగడం, మెత్తని పగడం, ఈ మధ్యే చచ్చిన పగడం, రాయి, ముక్కలు, ఇసుక. ముక్కకు 40 చొప్పున 160 చుక్కలు. గుండు ఇసుకలో పడి, పక్కనే అందమైన పగడం ఉన్నా ఇసుక అనే రాయాలి. వేలు అటు జరపాలనిపిస్తుంది. జరపకండి. 1998లో, 2010లో, 2016లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు తెల్లబడ్డాయి. తమలో ఉండి తిండి పెట్టే సూక్ష్మమైన నాచును వేడికి పగడాలు బయటికి నెట్టేస్తాయి, అందుకే ఆ తెలుపు. వారాల్లో చల్లబడకపోతే చనిపోతాయి. ఎంత పోయింది, ఎంత తిరిగి వచ్చింది అని పోల్చడానికి ముందటి ఏడాది ఎవరో ఓపిగ్గా రాసిన ఇసుక, రాయి, పగడం చుక్కలే ఆధారం.

మామూలు పెన్సిలే నీళ్ల కింద రాస్తుంది. రెండు పట్టుకెళ్లండి, ఒకదాన్ని పలకకు దారంతో కట్టండి. చేపల గుర్తింపు ఒడ్డు మీదే, రాత్రిపూట బొమ్మలు చూసి నేర్చుకోండి. లోతుకు వెళ్లేకొద్దీ ఎరుపు రంగు మాయమవుతుంది కాబట్టి రంగును కాకుండా ఆకారాన్ని, ఈదే తీరును గుర్తుపెట్టుకోండి.

ఒడ్డు మీద

రోజులో నీళ్ల కింద ఉండేది గంటన్నర, మహా అయితే రెండు గంటలు. మిగతాదంతా సిలిండర్లు మోయడం, పరికరాలు మంచినీళ్లలో కడిగి నీడన ఆరేయడం, లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కించడం, తీరం వెంట చెత్త ఏరడం. ఏరిన సీసాల మీద థాయ్‌లాండ్, మలేసియా, ఇండొనేసియా లేబుళ్లు కనిపిస్తాయి. సముద్రానికి సరిహద్దులు లేవు. గవ్వ ఒక్కటి కూడా జేబులో వేసుకోకండి, విమానాశ్రయంలో సంచి తెరిచి తీయిస్తారు. ఉప్పునీటి మొసళ్లు ఉన్నచోట హెచ్చరిక బోర్డు పెడతారు, అక్కడ ధైర్యం చూపించకండి. సాయంత్రాలు ఇసుక ఈగలు కుడితే వారం దురద, మోకాళ్ల కిందికి కొబ్బరినూనె దట్టంగా రాసుకోవడం నాకు పనిచేసింది.

చివరి రోజు

వరసగా డైవ్‌లు చేసినవాళ్లు చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఒంట్లో కరిగి ఉన్న నైట్రోజన్ పూర్తిగా బయటికి పోకముందే గాలి ఒత్తిడి తగ్గితే అది బుడగలు కడుతుంది. 24 గంటలు పెట్టుకుంటే ఇంకా నిశ్చింత. అంటే ఒక రోజంతా ఒడ్డునే. ఆ రోజు దీవి చూద్దామని బయల్దేరకుండా మీ పలకలు, కాగితాలు ముందేసుకొని కూర్చోండి. ఎక్కించకుండా మిగిలినవన్నీ ఎక్కించండి. అలల ఊపుకు వంకరపోయిన ఆ అక్షరాల్లో ఏది 3, ఏది 8 అన్నది మీకు తప్ప ఎవరికీ తెలియదు. మీరు విమానం ఎక్కాక అడిగేవారు కూడా ఉండరు.